చీకటి హాల్లో డాన్సు ఫోటోలకు ఏ బుల్లి కెమెరా కొనాలి?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. అమ్మాయి ఎనిమిదో తరగతి, కూచిపూడి నేర్చుకుంటోంది. ప్రోగ్రాములు ఇక్కడ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనో, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో ఉంటాయి. ఫోన్లో తీస్తే మొహం వస్తే చేతులు రావు, చేతులు వస్తే మొహం రాదు. మా మామగారు పద్యనాటకాలు వేస్తారు, ఆయన వేషాలూ తీసిపెట్టాలి. షాపులో 40 రెట్ల జూమ్ ఉన్న చిన్న కెమెరా తీసుకోమంటున్నారు. మా తమ్ముడు లెన్సులు మార్చుకునే పెద్ద డీఎస్ఎల్ఆర్ కెమెరా అంటాడు. గజ్జెలు, నగల పెట్టె, మేకప్ సామాను, మార్చుకునే బట్టలు అన్నీ మోసేది నేనే కాబట్టి హ్యాండ్‌బ్యాగులో పట్టేదే కావాలి. 50 వేల దాకా పెట్టగలను. ఏది కొనమంటారు? దసరాకి విజయవాడ కృష్ణలో జరిగే దుర్గమ్మ తెప్పోత్సవం కూడా దానితోనే తీయొచ్చా?

సమాధానం: ముందు ఆ 40 రెట్ల జూమ్ మాట పక్కన పెట్టేయండి. షాపాయన అబద్ధం చెప్పాడని కాదు. పొద్దున్నే మీ గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువు గట్టున నిలబడి గూడకొంగల్ని తీయాలంటే అది భేషైన కెమెరానే. సాయంత్రం హాల్లో లైట్లు ఆర్పేసి, స్టేజీ మీద నాలుగు రంగు లైట్లు వదిలినప్పుడు దాని బండారం బయటపడుతుంది.

ఎందుకో చెబుతాను, కాస్త లెక్క ఉంటుంది, ఓపిక పట్టండి. ఆ తరహా జూమ్ కెమెరాల్లో సెన్సార్, అంటే వెలుగును పట్టి బొమ్మగా మార్చే చిప్, 6.2 మి.మీ. వెడల్పు, 4.6 మి.మీ. ఎత్తు ఉంటుంది. ఒక అంగుళం సెన్సార్ అని అమ్మే కెమెరాల్లో అది 13.2 × 8.8 మి.మీ. అంటే వైశాల్యం నాలుగు రెట్లు. ఇక లెన్సు చుట్టూ కనీకనపడని అక్షరాల్లో ఎఫ్ అంకె ఒకటి ఉంటుంది. అది ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుగును లోపలికి రానిస్తుంది. కానన్ ఎస్ఎక్స్ 740నే చూడండి. 40 రెట్ల జూమ్, ఎఫ్ 3.3 దగ్గర మొదలై జూమ్ చివరికి వెళ్లేసరికి 6.9. ఎఫ్ 1.8తో మొదలయ్యే అంగుళం సెన్సార్ కెమెరా పక్కన పెడితే, జూమ్ అసలు చేయకుండానే దీనికి అందే వెలుగు 14 రెట్లు తక్కువ. పెట్టె మీద 40 ఎక్స్ అని పెద్దగా వేస్తారు గాని ఈ సంగతి ఎవరూ వేయరు.

వెలుగు తక్కువైతే ఏమవుతుంది? షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉండాల్సి వస్తుంది. ఆ లోపల మీ అమ్మాయి కదులుతుంది. మొత్తం వ్యవహారం ఇక్కడే ఉంది. ఒక సీను ఎఫ్ 2.8 దగ్గర సెకనులో 250వ వంతుకు వస్తోందనుకోండి, అదే సీను ఎఫ్ 4.9 లెన్సుతో 80వ వంతుకు, ఎఫ్ 6.9తో 40వ వంతుకు పడిపోతుంది. 40వ వంతు సెకనులో మామగారు నిలబడి ఉంటే చక్కగా వస్తారు. జతి, అంటే తాళానికి వేగంగా అడుగులు వేసే ముక్క, మధ్యలో ఉన్న పిల్ల పాదాలు రావు. లెన్సులో స్టెబిలైజేషన్ ఉందిగా అంటారు షాపులో. అది మీ చేతి వణుకును ఆపుతుంది, స్టేజీ మీద పిల్లను ఆపదు.

కాబట్టి మీరు చూడాల్సింది మెగాపిక్సెళ్లూ కాదు, జూమ్ ఎన్ని రెట్లో కాదు. మీరు వాడబోయే జూమ్ దగ్గర ఎఫ్ అంకె ఎంత ఉంటుందో అది చూడాలి. ఈ 'వాడబోయే' దగ్గరే చాలామంది దెబ్బతింటారు. 2012లో సోనీ మొదటి ఆర్ఎక్స్ 100 తెచ్చింది. జేబులో పట్టే కెమెరాలో అంత పెద్ద సెన్సార్ చూసి అందరూ ముక్కున వేలేసుకున్నారు. పెట్టె మీద ఎఫ్ 1.8 అనే ఉంటుంది, కానీ జూమ్ చివర అది 4.9. వెలుగులో ఏడు రెట్ల తేడా. అదే కెమెరాకి 2014లో వచ్చిన మూడో రూపం మార్క్ 3లో జూమ్‌ను 70 మి.మీ. దగ్గర ఆపేసి (ఈ మి.మీ. అంకె పెరిగే కొద్దీ దూరంలోది దగ్గరగా కనిపిస్తుంది) చివర కూడా 2.8 ఉండేలా చేశారు. 2018, 2019ల్లో వచ్చిన మార్క్ 6, మార్క్ 7ల్లో మళ్లీ జూమ్‌ను 200 దాకా సాగదీశారు, దాంతో ఎఫ్ 2.8 నుంచి 4.5 అయి కూర్చుంది. నంబరు పెరిగే కొద్దీ మంచిదనుకుని మార్క్ 7 కొంటే మీ పనికి మార్క్ 3 కంటే వెనకబడతారు. ధర మాత్రం ముందుంటుంది.

మీకు నేను చెప్పేది కానన్ జి7 ఎక్స్ మార్క్ 2. 2016 నాటిది, అంగుళం సెన్సార్, 20 మెగాపిక్సెళ్లు, 24 నుంచి 100 మి.మీ. జూమ్, ఎఫ్ 1.8 నుంచి 2.8. బరువు 319 గ్రాములు. 100 దగ్గర కూడా 2.8 ఉండటమే దీని గొప్ప. స్టేజీకి 5, 6 మీటర్ల దూరంలో కూర్చుని కెమెరాను నిలువుగా పట్టుకుంటే మీ అమ్మాయి గజ్జెల నుంచి పాపిటబిల్ల దాకా ఫ్రేములో నిండుగా కనిపిస్తుంది. అదే కుర్చీలోంచి సోనీ మార్క్ 3తో, 70 దగ్గర, ఫ్రేములో సగమే వస్తుంది. తర్వాత కత్తిరించుకోవచ్చు, ఫోటో కార్డు సైజుకి ఢోకా ఉండదు, కాని ఉన్న వెలుగులో సగాన్ని అలా పారేసుకున్నట్టే. పదో వరసలో కూర్చుంటే మాత్రం రెండూ ఒకటే, మొహం రాదు. టీచర్‌గారిని అడిగి ముందు వరసలో, నడవ పక్క కుర్చీ సంపాదించండి. కెమెరాకి పెట్టే డబ్బులో సగం విలువ ఆ కుర్చీది.

జి7 ఎక్స్‌కి లోపాలు లేవని కాదు. కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ లేదు. స్క్రీన్ వెలుగు వెనక వరస వాళ్ల కళ్లలో పడుతుంది, తగ్గించి పెట్టుకోండి. చీకట్లో ఫోకస్ కాస్త తడుముకుంటుంది. ఆ తడుములాట భరించలేననుకుంటే సోనీ మార్క్ 5 చూడండి. ఫోకస్ విషయంలో అది మార్క్ 3 కంటే చాలా చురుకు, చిన్న వ్యూఫైండర్ పైకి లేస్తుంది, జూమ్ 70 వరకే. జి7 ఎక్స్ మార్క్ 3 కూడా మంచిదే, కానీ కుర్రకారు రీల్స్ చూసి ఎగబడటంతో సరుకు దొరకని పరిస్థితి వచ్చింది. రేటూ అలాగే పెరిగింది. మీ 50 వేలలో వీటిలో ఏదైనా సెకండ్ హ్యాండ్‌లోనే వెతుక్కోవాలి.

రికో జీఆర్ 3 గురించి ఎవరైనా ఊదరగొడితే ఒక్క క్షణం ఆగండి. 257 గ్రాముల కెమెరాలో డీఎస్ఎల్ఆర్ అంత సెన్సార్ పెట్టారు, నిజంగా అద్భుతం. కానీ లెన్సు 28 మి.మీ., జూమ్ లేదు, ఎఫ్ 2.8. లెక్కేస్తే దానికి అందే వెలుగు అంగుళం సెన్సార్, ఎఫ్ 1.8 కెమెరా కంటే ఓ మూడో వంతు ఎక్కువ, అంతే. రాత్రిపూట విజయవాడ బీసెంట్ రోడ్డులో జనాన్ని తీసేవాడికి అది వరం. హాల్లో కూర్చున్న తల్లికి కాదు. పానాసోనిక్ ఎల్ఎక్స్ 100 సెన్సార్ అంగుళం కంటే పెద్దది, ఎఫ్ 1.7 నుంచి 2.8. లెన్సు ముందుకు పొడుచుకొచ్చి జేబులో పట్టదు. మీది హ్యాండ్‌బ్యాగే కాబట్టి, తక్కువకు దొరికితే వద్దనను. జూమ్ 75 వరకే. ఫ్యూజీ ఎక్స్ 100 బొమ్మలు చూసి మనసు పడకండి, జూమ్ లేదు, కొత్తది మీ బడ్జెట్‌లో రాదు.

మీ తమ్ముడు చెప్పినదాంట్లోనూ న్యాయం ఉంది. డీఎస్ఎల్ఆర్‌కి 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు తగిలిస్తే వెలుగు ఇంకా బాగా వస్తుంది. కానీ నగల పెట్టె మోసే చేతికి అది మూడో ప్రోగ్రామ్‌కే బరువవుతుంది. బీరువాలో ఉన్న కెమెరా ఫోటోలు తీయదు. చిన్నదే కొనండి.

ఫోన్ సంగతి కూడా చెప్పాలి. నైట్ మోడ్ అనేది వరసగా చాలా ఫ్రేములు తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక్కటి చేస్తుంది. వెంకన్న విగ్రహం, వీధి దీపాలు, బొమ్మలకొలువు లాంటి కదలనివాటికి అది ఏ బుల్లి కెమెరాకీ తీసిపోదు. కదిలే చేతులకు వచ్చేసరికి ఒక్కో ఫ్రేములో చెయ్యి ఒక్కో చోట ఉంటుంది, అందుకే మీకు మొహం వచ్చి చేతులు పోతున్నాయి. డాన్సు తీసేటప్పుడు నైట్ మోడ్ ఆపేసి చూడండి, కొంత తేడా తెలుస్తుంది. షావోమీ 13 ప్రో, వివో ఎక్స్ 100 ప్రో లాంటి వాటిలో మెయిన్ కెమెరాకి అంగుళం సెన్సారే ఉంది. మీ ఇంట్లో అలాంటి ఫోన్ ఉంటే, స్టేజీకి ఆనుకుని కూర్చునే అవకాశమూ ఉంటే, కెమెరా కొనడం వాయిదా వేయండి. జూమ్ చేస్తే ఆ ఫోన్లు వేరే చిన్న సెన్సార్‌కి మారతాయి. మీరు కెమెరాకి డబ్బు పెట్టేది ఆ జూమ్ కోసమే.

ఇక వాడకం. కెమెరా వచ్చాక దాన్ని ఆటో మోడ్‌లోనే వదిలేస్తే 50 వేలు పోసి ఫోన్ కొన్నట్టే అవుతుంది. పైనున్న డయల్‌ను కానన్‌లో టీవీ (Tv) అక్షరాల దగ్గరికి, సోనీ అయితే ఎస్ దగ్గరికి తిప్పండి. షట్టర్ ఎంత ఉండాలో మీరు చెబుతారు, మిగతాది అది చూసుకుంటుంది. జతులకు 1/500 ఉంటే బాగుంటుంది, వెలుగు చాలకపోతే 1/250. అభినయానికి 1/125 చాలు. తరంగంలో ఇత్తడి పళ్లెం ఎక్కినప్పుడు పిల్లలు పాదాలతో పళ్లేన్ని జరుపుతుంటారు, నడుము పైన పెద్దగా కుదుపు ఉండదు. తలమీద నీళ్ల చెంబు పెడితే మెడ అసలే కదలదు, అక్కడా 1/125తో మొహం స్పష్టంగా వస్తుంది. ఐఎస్ఓను, అంటే ఉన్న వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకెను, ఆటోలో పెట్టి పైహద్దు 3200 ఇవ్వండి, తప్పకపోతే 6400. ఫోటో మీద బొంబాయి రవ్వ చల్లినట్టు కనిపిస్తుంది, కనిపించనీయండి. 'రా' ఫైలు, అంటే కెమెరా తన మెరుగులేవీ దిద్దని అసలు ఫైలు, తీసుకుని ఉంటే ఆ రవ్వను తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తగ్గించుకోవచ్చు. ఫోటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో 2023 నుంచి ఏఐతో ఈ రవ్వను తీసేసే డీనాయిజ్ ఉంది, పాత కెమెరాలకి అది కొత్త ప్రాణం పోసింది. కదిలిపోయిన చేతిని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు.

ఎప్పుడు నొక్కాలి అన్నది కెమెరా కంటే ముఖ్యం, ఇందులో మీరు నాకంటే ముందున్నారు. ఇంట్లో రోజూ సాధన వింటూనే ఉంటారుగా. జతి ముక్తాయింపుకి వచ్చి మృదంగం ఆఖరి దెబ్బ పడగానే పిల్ల భంగిమలో ఒక్క క్షణం ఆగుతుంది. ఆ దెబ్బకి కాస్త ముందే బటన్ సగం నొక్కి ఫోకస్ పట్టేసి ఉంచండి, దెబ్బతో పాటు పూర్తిగా నొక్కండి. బయటి ఫోటోగ్రాఫర్‌కి ఆ క్షణం ఎప్పుడొస్తుందో తెలియదు. మీకు తెలుసు.

ఫోకస్ ఎక్కడ పట్టాలో కూడా చూసుకోండి. సాదా పట్టు గుడ్డ మీద, అదీ మసక వెలుగులో, కెమెరాకి పట్టు దొరకదు. వడ్డాణం మీద పెట్టండి. రాళ్ల మెరుపు, పక్కనే ముదురు గుడ్డ, అంచు స్పష్టంగా ఉంటుంది, టక్కున పట్టుకుంటుంది. మొహం కూడా దాదాపు అంతే దూరంలో ఉంటుంది కాబట్టి అదీ స్పష్టంగానే వస్తుంది. ఇంకో సంగతి, వెనక నల్ల తెర, మొహం మీద స్పాట్‌లైట్ ఉన్నప్పుడు కెమెరా ఆ నలుపంతా చూసి 'అబ్బో చీకటి' అనుకుని వెలుగు పెంచేస్తుంది. మేకప్ వేసిన మొహం సున్నం కొట్టిన గోడ అవుతుంది. ఎక్స్‌పోజర్‌ను మైనస్ 1కి తిప్పండి. దాంతో ఇంకో లాభం, ఐఎస్ఓ అంత పైకి పోనక్కర్లేదు.

ఎల్ఈడీ లైట్లతో ఒక తలనొప్పి ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని లైట్లు సెకనుకి వందసార్లు మినుకుతాయి, కంటికి తెలియదు. 1/500 పెడితే ఫోటోలో అడ్డ చారలు రావచ్చు, ఒక ఫోటో వెలుగ్గా ఇంకోటి మబ్బుగా రావచ్చు. అలా వస్తే 1/100కి దించి, ఆగే భంగిమలే తీసుకోండి. ఎలక్ట్రానిక్ షట్టర్ ఆపేయండి, దానితో చారలు ఎక్కువ. వీడియో తీస్తే మెనూలో మన దేశపు వీడియో పద్ధతి పాల్ (PAL) ఎంచుకుని షట్టర్ 1/50 పెట్టండి. విదేశాల నుంచి వచ్చిన కొన్ని సెకండ్ హ్యాండ్ కెమెరాల్లో అమెరికా, జపాన్‌ల పద్ధతి ఎన్‌టీఎస్‌సీ (NTSC) పెట్టి ఉంటుంది, వీడియో అంతా మినుకుమినుకుమంటూ ఉంటే చూసుకోవాల్సింది అక్కడే.

ఫ్లాష్ వద్దు. దాని శక్తి నాలుగైదు మీటర్లు. ముందు కుర్చీలో కూర్చున్నావిడ జడలో మల్లెపూలు తెల్లగా మెరిసిపోతాయి, స్టేజీ నల్లగా ఉండిపోతుంది. ఫోకస్ కోసం వెలిగే నారింజ రంగు బుడ్డి లైటు కూడా ఆపేయండి, నేరుగా పిల్లల కళ్లలో కొడుతుంది. బీప్ శబ్దం సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మామగారి నాటకాలు తేలిక. రాగం ఎత్తుకున్న నటుడు కదలడు, పైగా నోరు తెరిచి చెయ్యి చాచి ఎంతసేపైనా నిలబడతాడు. 1/80 పెట్టి ఐఎస్ఓ బాగా తగ్గించుకోవచ్చు. కిరీటం, జరీ అంగరఖా మెరుపుకి ఎక్స్‌పోజర్ మైనస్‌లోనే ఉంచండి. ఒకటి మిస్సయినా దిగులు లేదు, జనం వన్స్‌మోర్ అంటారు, ఆయన మళ్లీ అదే పద్యం అందుకుంటారు.

తెప్పోత్సవం తీయొచ్చు. హంసవాహనం నిండా దాని లైట్లు దానికే ఉంటాయి, నెమ్మదిగా కదులుతుంది. దుర్గా ఘాట్ వైపు నుంచి 1/60, మైనస్ 1 పెట్టి చూడండి. వరద ఎక్కువగా ఉన్న ఏడాది తీరం దగ్గరే నిలిపి పూజలు చేస్తారు, అప్పుడు ఇంకా సులువు. బాణసంచాకి మాత్రం ఏ రెయిలింగ్ మీదో కెమెరా గట్టిగా ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టి, ఒకటి రెండు సెకన్లు తెరిచి ఉంచాలి. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి తీస్తే బండ్లు పోతున్నప్పుడు వంతెన అదురు తెలుస్తుంది, ఖాళీ చూసి నొక్కండి. తోపులాట ఉంటుంది కాబట్టి తాడు మణికట్టుకి ఉండాల్సిందే.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఫోటోలు చూసి ఆన్‌లైన్లో డబ్బు పంపకండి. విజయవాడలోనో, హైదరాబాద్ కోఠిలోనో, చేత్తో పట్టుకుని చూశాకే మాట్లాడండి. ఆన్ చేస్తే లెన్సు గరగరమనకుండా బయటికి రావాలి, అలాగే లోపలికి పోవాలి, ఓ పదిసార్లు చేయించండి. ఈ ముడుచుకునే లెన్సులు బయటికొచ్చిన ప్రతిసారీ గాలితో పాటు దుమ్మూ లాక్కుంటాయి. వీటికి లెన్సు ఊడదు కాబట్టి సెన్సార్ మీద పడిన దుమ్ము ఇంట్లో తుడుచుకునేది కాదు, రిపేరు షాపే గతి. ఎఫ్ 11 పెట్టి ఆకాశాన్నో తెల్ల గోడనో తీసి, పెద్దది చేసి చూడండి, బూడిదరంగు చుక్కలుంటే వదిలేయండి. ఫోన్ టార్చ్‌ని లెన్సులోకి పక్కగా కొట్టి చూడండి. సాలెగూడులా తెల్లటి దారాలు కనిపిస్తే బూజు పట్టిందన్నమాట. మన కృష్ణా తీరం చెమ్మకి అది ఆగదు, పెరుగుతుంది. కొన్నాక మీరూ సిలికా జెల్ పొట్లాలు వేసి గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి. బీరువాలో పట్టుచీరల మధ్య, కలరా ఉండల పక్కన వద్దు. బ్యాటరీలు చిన్నవి, ప్రోగ్రామ్ సాగితే ఒకటి చాలదు. కానన్‌కి ఎన్‌బీ 13 ఎల్, సోనీకి ఎన్‌పీ బీఎక్స్ 1. అదనంగా కొనే బ్యాటరీ కంపెనీదే తీసుకోండి, చవకవి ఉబ్బితే లోపల ఇరుక్కుపోతాయి.

నెలరోజులు వెతికినా మంచి జి7 ఎక్స్ మార్క్ 2 దొరక్కపోతే, శుభ్రంగా ఉన్న సోనీ మార్క్ 3 ఎక్కడ కనపడినా తీసేసుకోండి. దసరాలోగా చేతికొస్తే రెండు మూడు రిహార్సళ్లలో అలవాటు చేసుకోవచ్చు. డ్రెస్ రిహార్సల్ రోజు ముందు వరస కుర్చీలన్నీ ఖాళీగానే ఉంటాయి, లైట్లు మాత్రం అసలు రోజు వేసేవే వేసి చూసుకుంటారు. టీచర్‌గారిని ఆ రోజుకి కూడా అడిగి పెట్టుకోండి.